ఢిల్లీకి పెట్టే అర్జీ మన జిల్లాలో ఎంతవరకు పనిచేస్తుంది? పీజీ పోర్టల్ మీద సమీక్ష

కేంద్ర ప్రభుత్వ ఆఫీసు మీద ఫిర్యాదు ఉంటే, ఆన్‌లైన్‌లో అర్జీలు తీసుకునే కేంద్రం వెబ్‌సైట్ పీజీ పోర్టల్ మంచి సేవ. పీఎఫ్ పైసలు ఆగినా, పోస్టాఫీసు ఖాతా సొమ్ము చేతికి రాకపోయినా, పాస్‌పోర్టు కదలకపోయినా అక్కడ అర్జీ పెడితే కదలిక వస్తుంది. భూమి పట్టా, ఆసరా పింఛను, రేషన్ కార్డు, పోలీసు కేసు విషయాలకైతే అదే పోర్టల్ పోస్టుమ్యాన్ పని చేసి ఊరుకుంటుంది. కాగితం ఢిల్లీ నుంచి హైదరాబాదుకు, అక్కణ్నుంచి కలెక్టరేట్‌కు వచ్చి, చివరికి ఏ ఎమ్మార్వో ఆఫీసు మీద ఫిర్యాదు చేశారో ఆ ఆఫీసు బల్ల మీదికే చేరుతుంది. హన్మకొండ, వరంగల్, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ జిల్లాల్లో చాలామంది ఈ తేడా తెలియకుండానే ప్రధానికి రాస్తారు. నెలల తరబడి ఎదురుచూసి, 'ఎవరొచ్చినా ఇంతే' అని విసిగిపోతారు. తప్పు ఆశది కాదు. అర్జీ వెళ్ళిన దారిది.

ఈ సేవ అసలు పేరు సీపీగ్రామ్స్. 2007 నుంచి నడుస్తోంది. చూసుకునేది కేంద్ర పరిపాలనా సంస్కరణలు, ప్రజా ఫిర్యాదుల శాఖ. ప్రధాని కార్యాలయం వెబ్‌సైట్‌లో ప్రధానికి రాసే చోట రాసినా, పోస్టులో ఉత్తరం పంపినా చివరికి వెళ్ళేది ఈ వ్యవస్థలోకే. అర్జీకి ఇచ్చే నంబరు చూస్తే తెలిసిపోతుంది. పీఎంఓపీజీ అని మొదలైతే అది ప్రధాని కార్యాలయం మీదుగా వచ్చిన అర్జీ. ఆ తర్వాత 'ఈ' అని ఉంటే ఆన్‌లైన్‌లో పెట్టింది, 'డి' అని ఉంటే కాగితం మీద వచ్చింది. ప్రధాని పేరు మీద రాశాం కదా, త్వరగా చూస్తారు అనుకోవడానికి లేదు. గడువు ఒకటే, చివర్లో జవాబు రాసే అధికారి కూడా ఒక్కరే. సంబంధిత శాఖను మనమే నేరుగా ఎంచుకుంటే మధ్యలో ఒక మజిలీ తగ్గుతుంది. అంతకన్నా మంచి పైరవీ ఈ పోర్టల్‌లో లేదు.

ఎవరి పని ఎవరిది

దేశానికి కొత్త నాయకుడు వచ్చినప్పుడల్లా జనం ఆశ పెట్టుకోవడంలో తప్పేమీ లేదు. ఒకప్పుడు ఈ ప్రాంతం మనిషే ప్రధాని కుర్చీలో కూర్చున్నాడు. నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో పుట్టి వంగరలో పెరిగిన పి.వి. నరసింహారావు 1977లోనూ 1980లోనూ హన్మకొండ నుంచే లోక్‌సభకు గెలిచారు. 1991 నుంచి 1996 దాకా ప్రధానిగా ఉన్నారు. ఆయన హయాంలో పరిశ్రమల లైసెన్సుల పద్ధతి మారింది, విదేశీ వ్యాపార విధానం మారింది, రూపాయి విలువ మారింది. వంగర పహాణీ (భూమి రికార్డు) మాత్రం అప్పుడూ రాష్ట్ర రెవెన్యూ శాఖ చేతిలోనే ఉంది, ఇప్పుడూ అక్కడే ఉంది. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో భూమి, పోలీసు, ఆస్పత్రులు, వ్యవసాయం రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. రైల్వే, పోస్టు, బ్యాంకింగ్, పాస్‌పోర్టు కేంద్ర జాబితాలో ఉన్నాయి. రాష్ట్ర జాబితాలోని ఫైలు మీద ప్రధాని ఎంత మంచివాడైనా సంతకం పెట్టలేడు, పెట్టకూడదు కూడా. అర్జీ ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నకు సగం జవాబు ఈ రెండు జాబితాల్లోనే ఉంది.

మిగతా సగమే చిక్కు. పైసలు ఒక ప్రభుత్వానివి, పేరు రాసేది మరో ప్రభుత్వం అయినప్పుడు జనం ఎటు పోవాలో తెలియక తిరుగుతారు. చౌకధరల దుకాణంలో ఇచ్చే సన్నబియ్యాన్నే చూడండి. 2025 ఉగాది నుంచి మనిషికి నెలకు 6 కిలోలు ఇస్తున్నారు. ఆహార భద్రత చట్టం కింద మామూలు కార్డుకు కేంద్రం లెక్క మనిషికి 5 కిలోలే. పైన వేసేది, సన్నబియ్యానికి అయ్యే అదనపు ఖర్చు రాష్ట్రానివి. కార్డులో పేరు చేర్చడం, తీసేయడం పూర్తిగా రాష్ట్ర పౌరసరఫరాల శాఖ, ఎమ్మార్వో ఆఫీసుల పని. కోడలి పేరు కార్డులో ఎక్కలేదని ఢిల్లీకి రాస్తే ఢిల్లీ చేయగలిగింది ఏమీ లేదు.

పింఛనుదీ ఇదే తీరు. వృద్ధాప్య పింఛనుగా రాష్ట్రం ఇస్తున్న 2,016 రూపాయల్లో, కేంద్రం లబ్ధిదారుల జాబితాలో పేరున్న పేద వృద్ధులకు కేంద్రం వాటా 79 ఏళ్ళ వరకు 200 రూపాయలు, 80 దాటితే 500. ఎవరికి మంజూరు చేయాలన్నది ఊళ్ళో పంచాయతీ కార్యదర్శి, మండలంలో ఎంపీడీఓ, పట్టణంలో మున్సిపల్ కమిషనర్ మీదుగా సాగే రాష్ట్రం పని. కొత్త పింఛను రాలేదని పీజీ పోర్టల్‌లో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖకు రాస్తే, 'రాష్ట్రానికి పంపాం' అన్న జవాబుతో అర్జీ మూసేస్తారు.

పీఎం కిసాన్ ఇంకా చిక్కు. ఏడాదికి 6,000 రూపాయలు, మూడు విడతల్లో 2,000 చొప్పున, పూర్తిగా కేంద్రం సొమ్మే. కానీ ఈ రైతు అర్హుడని తేల్చేది రాష్ట్ర వ్యవసాయ శాఖ. విడత ఆగడానికి ఈ ప్రాంతంలో తరచుగా కనిపించే కారణాలు నాలుగు: ఈకేవైసీ (ఆధార్‌తో గుర్తింపు ధ్రువీకరణ) కాకపోవడం, బ్యాంకు ఖాతాకు ఆధార్ జతకాకపోవడం, భూమి వివరాలు పథకం పోర్టల్‌లో ఎక్కకపోవడం, ఆధార్‌లో ఒక పేరు, పాసుపుస్తకంలో మరో పేరు ఉండడం. వీటిలో ఏ ఒక్కటీ ఢిల్లీలో సరయ్యేది కాదు. మొదటిది మీసేవలోనో రైతు ఫోన్‌లోనో, రెండోది బ్యాంకు శాఖలో, మిగతా రెండూ రైతువేదికలో వ్యవసాయ విస్తరణ అధికారి (ఏఈఓ) దగ్గర, మండల వ్యవసాయ అధికారి దగ్గర సరవుతాయి. 2019 ఫిబ్రవరి 1 తర్వాత కొన్న భూమికి ఈ పథకం వర్తించదన్న నిబంధన కూడా ఉంది. తండ్రో తల్లో చనిపోయి వారసత్వంగా వచ్చిన భూమికి మాత్రం మినహాయింపు ఉంది. కొన్న భూమి మీద ఎన్ని అర్జీలు పెట్టినా వృథా. వారసత్వ భూమిని కొన్నట్టుగా రాసేసి తిరస్కరిస్తే మాత్రం పట్టుబట్టాల్సిందే. పీజీ పోర్టల్ అక్కరకొచ్చేది సరిగ్గా అలాంటి చోట.

అర్జీ పెట్టే పద్ధతి

పోర్టల్‌లో అర్జీకి ఫీజు లేదు. మొదట ఫోన్ నంబరు, చిరునామా, జిల్లా, పిన్‌కోడ్ ఇచ్చి ఖాతా తెరవాలి. ఓటీపీ వస్తుంది. ఖాతా ఎప్పుడూ అర్జీదారు ఫోన్ నంబరు మీదే తెరవాలి. మీసేవ కేంద్రంలోనో జిరాక్స్ షాపులోనో ఆపరేటర్ తన నంబరు వేసి అర్జీ పంపించేస్తే, తర్వాత వచ్చే మెసేజ్‌లు, జవాబు మీద అభిప్రాయం అడిగే ఫోన్ అన్నీ ఆయనకే పోతాయి. అర్జీ ఎప్పుడు మూతపడిందో తెలియదు, ఈలోగా అప్పీలు గడువు దాటిపోతుంది. ఈ ఒక్క పొరపాటుతో పోయిన అర్జీలకు లెక్కలేదు. కామన్ సర్వీస్ సెంటర్లలోనూ పెట్టించుకోవచ్చు. అక్కడ సేవా రుసుము తీసుకుంటే రసీదు అడగండి, ఫోన్ నంబరు మాత్రం మీదే ఇవ్వండి.

లోపలికి వెళ్ళాక శాఖను, ఆ కింద విషయాన్ని, దాని కింద ఉప విషయాన్ని ఎంచుకోవాలి. తొందరపడకూడనిది ఇక్కడే. చివరి దాకా సరిగ్గా ఎంచుకుంటే అర్జీ సంబంధిత అధికారి లాగిన్‌కు నేరుగా వెళ్తుంది. 'ఇతరములు' అని నొక్కేస్తే పైనున్న నోడల్ అధికారి చదివి, పంచి, మళ్ళీ పంచి కిందికి పంపేసరికి రోజులు కరిగిపోతాయి. పీఎఫ్ అయితే కార్మిక శాఖ కింద పీఎఫ్ సంస్థను, పోస్టాఫీసు అయితే తపాలా శాఖను, పాస్‌పోర్టు అయితే విదేశాంగ శాఖను వెతికి పట్టుకోవాలి.

విషయం రాసే పెట్టెలో 4,000 అక్షరాల దాకా పడుతుంది. కొన్ని ప్రత్యేక గుర్తులను పెట్టె ఒప్పుకోదు. వాట్సాప్‌లో రాసినదాన్ని కాపీ చేసి అతికిస్తే ఎర్ర అక్షరాల్లో తప్పు చూపిస్తుంది. చుక్క, కామా తప్ప మిగతావన్నీ తీసేస్తే పోతుంది. కాగితాలన్నీ ఒకే పీడీఎఫ్‌గా చేసి జతచేయాలి. సైజు 4 ఎంబీ దాటకూడదు. ఫోన్‌తో తీసిన పాసుపుస్తకం ఫొటోలు నాలుగైదు కలిపితేనే ఆ హద్దు దాటిపోతుంది. అందుకే స్కాన్ యాప్‌లో నలుపు తెలుపులో తీయాలి. ఫైలు పేరు చిన్నగా, గుర్తులేవీ లేకుండా ఉండాలి.

తెలుగులో రాయవచ్చు. అయితే అర్జీ చూసే అధికారి ఢిల్లీలోనో ముంబైలోనో ఉంటే, మొదట నాలుగు లైన్లు ఇంగ్లిష్‌లో రాయించి, కింద తెలుగులో పూర్తి విషయం రాయడం మేలు. తెలుగు రానివారి చేతిలో పడ్డ తెలుగు అర్జీ పక్కన పెట్టేస్తారన్నది చేదు నిజం. ఇరవై రెండు భాషలను రాజ్యాంగంలో రాసుకున్న దేశంలో ఈ మాట చెప్పాల్సి రావడం బాధాకరం. పని కావాలంటే ప్రస్తుతానికి ఇదే దారి.

ఇక రాత సంగతి. కలెక్టరేట్ల బయట రాయించుకునే అర్జీల్లో సగం పేజీ 'మహారాజశ్రీ గౌరవనీయులైన ప్రధానమంత్రి గారి దివ్యసముఖమునకు' తోనే నిండిపోతుంది. తర్వాత కుటుంబం కష్టాలు, పిల్లల చదువు, అప్పులు. అసలు విషయం చివరి రెండు లైన్లలో, అదీ తేదీలు లేకుండా. అధికారి కంప్యూటర్ తెర మీద చూసేది మొదటి మూడు లైన్లే. వారసత్వ భూమి మీద పీఎం కిసాన్ అర్జీని ఇలా రాస్తే చాలు:

"పీఎం కిసాన్ రిజిస్ట్రేషన్ నంబరు ఇది. ఫలానా గ్రామం, ఫలానా మండలం, హన్మకొండ జిల్లా. భూమి 1 ఎకరం 20 గుంటలు, మా నాన్నగారి మరణం తర్వాత వారసత్వంగా నా పేరు మీదికి మారింది. మరణ ధ్రువీకరణ పత్రం, పాత పాసుపుస్తకం, కొత్త పాసుపుస్తకం జతచేశాను. 2019 ఫిబ్రవరి 1 తర్వాత వచ్చిన భూమి అని నా దరఖాస్తు తిరస్కరించారు. వారసత్వానికి మినహాయింపు ఉంది. మండల వ్యవసాయ అధికారికి ఫలానా తేదీన ఇచ్చిన దరఖాస్తు నకలు, రసీదు జతచేశాను. జవాబు రాలేదు. కోరేది: తిరస్కరణను తిరిగి పరిశీలించాలి. మళ్ళీ తిరస్కరిస్తే ఏ నిబంధన కింద అన్నది రాతపూర్వకంగా చెప్పాలి."

ఇందులో దండం లేదు, తిట్టు లేదు. కింది ఆఫీసులో ముందే అడిగినట్టు రుజువు ఉంది. అది లేకపోతే 'సంబంధిత కార్యాలయాన్ని సంప్రదించగలరు' అనే ఒక్క వాక్యంతో అర్జీ మూసేయడానికి అధికారికి వీలు దొరుకుతుంది. చివరి వాక్యం మరీ ముఖ్యం. పని చేయండి అని మాత్రమే అడిగితే 'పరిశీలించాం' అని జవాబు ఇచ్చి తప్పించుకోవచ్చు. కారణం రాతలో ఇవ్వమని అడిగితే తప్పించుకోవడం కష్టం.

ఎక్కడ దెబ్బతింటుంది

2024 ఆగస్టులో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఫిర్యాదును 21 రోజుల్లో పరిష్కరించాలి. ఆలస్యమయ్యే విషయమైతే మధ్యలో ఏం జరుగుతోందో చెప్పే జవాబు ఇవ్వాలి. 'మా శాఖకు సంబంధించింది కాదు' అని మూసేయకూడదు, సంబంధించిన చోటికి బదిలీ చేయాలి. కాగితం మీద ఇవన్నీ మంచివే. అంతకుముందు గడువు 30 రోజులు, దానికి ముందు 45, మొదట్లో 60. గడువు తగ్గుతూ వచ్చిందన్నది నిజం. ఇక్కడ కేంద్ర నాయకత్వానికి మార్కులు వేయాల్సిందే.

గడువు తగ్గించడంలో ఒక ప్రమాదం కూడా ఉంది. ఎన్ని అర్జీలు మూశారన్న లెక్క మీదే ఆఫీసుకు పేరు వస్తుంటే, పరిష్కరించడం కన్నా మూసేయడం తేలిక. 21వ రోజు దగ్గరపడేసరికి 'ఫైలు పరిశీలనలో ఉంది' అన్న ఒకే లైనుతో మూతపడే అర్జీలు ఇలా పుట్టినవే. గడువు కేంద్ర శాఖలను బిగించినంతగా రాష్ట్రాలను బిగించదు. రాష్ట్రానికి బదిలీ అయిన అర్జీ మీద ఢిల్లీ గుర్తుచేయగలదు, లెక్క అడగగలదు. రాష్ట్ర అధికారి మీద చర్య తీసుకునే అధికారం మాత్రం దానికి లేదు.

కొన్ని విషయాలు ఈ పోర్టల్ అసలు తీసుకోదు. కోర్టులో ఉన్న కేసులు, సమాచార హక్కు దరఖాస్తు సంగతులు, మత విషయాలు, సలహాలు. ప్రభుత్వ ఉద్యోగులు తమ సర్వీసు గొడవలను శాఖలోని దారులన్నీ అయ్యాకే ఇక్కడికి తేవాలి. సివిల్ కోర్టులో దావా నడుస్తున్న భూమి గురించి రాసినవి తెరిచిన వెంటనే మూసేస్తారు. అందులో అన్యాయం లేదు. ఒకే విషయం మీద పదిసార్లు కొత్తగా పెట్టినా ఉపయోగం లేదు, పాత నంబరుతో ముడిపెట్టి మూసేస్తారు. కొత్త అర్జీ పెట్టే బదులు పాతదాని మీదే రిమైండర్ పంపాలి.

పని వారీగా మా అంచనా ఇది. పీఎఫ్, పోస్టాఫీసు, పాస్‌పోర్టు, కేంద్ర పింఛనుదారుల సమస్యలకు ఐదింటికి నాలుగు ఇవ్వవచ్చు. ఆ శాఖల్లో చివరి అధికారి దాకా లాగిన్‌లు ఉన్నాయి, పైవాళ్ళ సమీక్ష ఉంది. బ్యాంకుకు మూడు. బ్యాంకు మీద ఫిర్యాదైతే మొదట బ్యాంకుకే రాసి, రసీదు తీసుకుని, 30 రోజులు ఆగి, అప్పటికీ జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే అధికారికి) రాయడం ఇంతకన్నా బలమైన దారి. రైల్వేకు మూడు. ప్రయాణంలో ఉండగా బోగీలో నీళ్ళు లేవు, ఎవరో సీటు ఖాళీ చేయట్లేదు అన్నవాటికి పీజీ పోర్టల్ దండగ, రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేయాలి. కాజీపేట, వరంగల్ స్టేషన్ల శాశ్వత సమస్యలు, రీఫండ్ రాకపోవడం లాంటివి మాత్రం ఇక్కడ రాయవచ్చు. అవి దక్షిణ మధ్య రైల్వే సికింద్రాబాద్ డివిజన్‌కు వెళ్తాయి. పీఎం కిసాన్ లాంటి ఉమ్మడి పథకాలకు రెండు. భూమి, పోలీసు, రాష్ట్ర పింఛనుకు ఒకటి.

ఆ ఒకటి పడిన చోట సోమవారం ప్రజావాణి మెరుగు

సోమవారం కలెక్టరేట్‌లో జనం అర్జీలు తీసుకునే కార్యక్రమం ప్రజావాణి. దానికి ఈ పోర్టల్‌కు లేని బలం ఒకటుంది. జిల్లా అధికారులంతా ఒకే హాల్లో ఉంటారు. కలెక్టర్ కాగితం చూసి పక్కనున్న ఆర్డీఓను అక్కడికక్కడే అడగగలరు. అర్జీ ఇచ్చేటప్పుడు కంప్యూటర్‌లో ఎక్కించి ఇచ్చే నంబరు తప్పక తీసుకోవాలి. నంబరు లేని అర్జీ ఇవ్వనట్టే లెక్క. రెండు కాపీలు తీసుకెళ్ళి ఒకదాని మీద ముద్ర వేయించుకోవాలి. ఎన్నికల కోడ్ ఉన్నన్నాళ్ళు ప్రజావాణి ఆపేస్తారు, దూరం నుంచి బస్సెక్కే ముందు అది కనుక్కోవాలి. ఏటూరునాగారం, మంగపేట వైపు నుంచి ములుగు దాకా వచ్చి ఉత్త చేతులతో తిరిగి వెళ్ళడం ఒక రోజు కూలి పోగొట్టుకోవడమే.

జిల్లాలో పని కాకపోతే హైదరాబాద్‌లోని మహాత్మా జ్యోతిబా ఫూలే ప్రజాభవన్‌లో మంగళ, శుక్రవారాల ప్రజావాణి ఉంది. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారిన మరునాడే ఆ గేట్లు తెరిచారు. అప్పటి క్యూలు చూస్తే జనం ఆశ ఎంతటిదో అర్థమైంది. అక్కడ ఇచ్చిన అర్జీల్లో భూమివి ఎక్కువగా ఉండడానికి కారణం అందరికీ తెలిసిందే. 2020 అక్టోబరులో వచ్చిన భూమి రికార్డుల పోర్టల్ ధరణిలో తప్పు పడితే కింది స్థాయిలో అప్పీలుకు దారి లేదు, కోర్టుకు పోవాల్సి వచ్చేది. దాని స్థానంలో 2025 ఏప్రిల్ 14న మొదలైన భూభారతిలో అప్పీలు దారి మళ్ళీ వచ్చింది. ఎమ్మార్వో ఆదేశం మీద ఆర్డీఓకు, ఆర్డీఓ ఆదేశం మీద కలెక్టర్‌కు వెళ్ళవచ్చు. భూమి విషయంలో ప్రధానికి రాసే ఉత్తరం కన్నా, ముఖ్యమంత్రికి ఇచ్చే దరఖాస్తు కన్నా ఈ చట్టం కింద వేసే అప్పీలుకే బరువెక్కువ. అప్పీలు మీద అధికారి కారణాలు రాసి ఆదేశం ఇవ్వాలి. అర్జీ మీదైతే ఒక ఎండార్స్‌మెంట్ (రెండు ముక్కల రాత జవాబు) రాస్తే సరిపోతుంది. ఆదేశం చేతిలో ఉంటే పైకి వెళ్ళవచ్చు. ఎండార్స్‌మెంట్ పట్టుకుని ఎక్కడికీ వెళ్ళలేం.

ప్రజావాణికీ పీజీ పోర్టల్‌కూ ఉమ్మడి జబ్బు ఒకటే. గిర్దావర్ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) మీద ఫిర్యాదు చేస్తే విచారణకు అదే గిర్దావర్ వస్తాడు. దీన్ని తప్పించుకోవడానికి అర్జీలోనే రాయాలి: 'ఫిర్యాదు ఈ కార్యాలయం మీదే కాబట్టి విచారణ పై అధికారితో గానీ వేరే మండలం అధికారితో గానీ చేయించాలి' అని. రాసినంత మాత్రాన జరుగుతుందని కాదు. రాసి ఉంటే తర్వాత అప్పీలులో అడగడానికి ఆధారం ఉంటుంది.

ఊరి కోరికలు, ప్రాంతం కోరికలు

కాజీపేటకు కోచ్ ఫ్యాక్టరీ, బయ్యారంలో ఉక్కు కర్మాగారం, మామునూరు నుంచి విమానాలు అంటూ చాలామంది ఈ పోర్టల్‌లో రాస్తుంటారు. అవి న్యాయమైన కోరికలే. కానీ వ్యవస్థ వాటిని సలహాలుగా చూసి మూసేస్తుంది. 2014 ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టం 13వ షెడ్యూలులో కోచ్ ఫ్యాక్టరీ గురించి, ఖమ్మం జిల్లా ఉక్కు కర్మాగారం గురించి ఉన్నది సాధ్యాసాధ్యాలు ఆరు నెలల్లో పరిశీలించాలని మాత్రమే. కట్టాలని ఆ చట్టం ఆజ్ఞ వేయలేదు. అందుకే ఏళ్ళపాటు 'పరిశీలించాం, లాభసాటి కాదు' అన్న జవాబుతో కాలం గడిచింది. అదే షెడ్యూలులోని గిరిజన విశ్వవిద్యాలయం ములుగుకు రావడానికి పార్లమెంటు 2023 డిసెంబరులో వేరే చట్టం చేయాల్సి వచ్చింది. కాజీపేటలో రైల్వే తయారీ యూనిట్‌కు 2023 జులైలో ప్రధాని శంకుస్థాపన చేశారు. ఇలాంటివి కదిలేది ఎంపీలు సభలో అడిగే ప్రశ్నలతో, బడ్జెట్ పద్దులతో, ఉద్యమాలతో. ఒక్కొక్కరు పోర్టల్‌లో రాసిన నాలుగు లైన్లతో కాదు.

కొత్తగా వచ్చే జాతీయ నాయకుడి నుంచి ఈ సేవ విషయంలో ఆశించదగ్గవి మాత్రం స్పష్టంగా ఉన్నాయి, అవి ప్రధాని చేతిలోనివే. ఉమ్మడి పథకాల్లో కేంద్రం పైసలు ఇస్తోంది కాబట్టి, ఆ పథకాల అర్జీలకు రాష్ట్రాలు కూడా గడువులోగా జవాబివ్వాలన్న షరతు పెట్టవచ్చు. ఎవరి మీద ఫిర్యాదో వాళ్ళే జవాబు రాసి మూసేయకుండా సాఫ్ట్‌వేర్‌లోనే అడ్డు పెట్టవచ్చు. తెలుగులో పెట్టిన అర్జీకి తెలుగులో జవాబు ఇమ్మని ఆదేశించవచ్చు. మూసేసిన అర్జీల లెక్క కాకుండా, అర్జీదారు 'పని అయింది' అని చెప్పిన లెక్కతో శాఖలకు ర్యాంకులు ఇవ్వవచ్చు. వీటికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. పెద్ద ఖర్చూ లేదు. ఇంత చిన్న పనులు చేసి చూపిన నాయకుడి మీద పెద్ద పనులకు కూడా నమ్మకం కుదురుతుంది.

అర్జీ మూతపడ్డాక

అసలు పని చాలాసార్లు మొదలయ్యేది ఇక్కడే. మూసేసిన మెసేజ్ రాగానే జవాబును, జతచేసిన కాగితాలను దించుకుని ప్రింట్ తీసుకోవాలి. పోర్టల్ అభిప్రాయం అడుగుతుంది. కాల్ సెంటర్ నుంచి కూడా ఫోన్ రావచ్చు. మొహమాటానికి 'పర్వాలేదు' అంటే కథ అక్కడితో ముగుస్తుంది. పని కాకపోతే కాలేదనే చెప్పాలి. అప్పీలుకు గడువు మూసిన రోజు నుంచి 30 రోజులు. అప్పీలు కింది అధికారికి కాకుండా ఆ శాఖ అప్పీలు అధికారికి వెళ్తుంది. అందులో పాత కథంతా మళ్ళీ రాయనక్కర్లేదు. అడిగింది ఏమిటి, జవాబులో దేనికి సమాధానం లేదు, ఏ కాగితం చూడలేదు అన్న మూడు ముక్కలు చాలు. 'సంబంధం లేదు' అని మూసి ఉంటే 2024 మార్గదర్శకాలను ప్రస్తావించాలి. ఆ ఒక్క వాక్యంతో తిరిగి తెరిచే అవకాశం పెరుగుతుంది.

అప్పీలు కూడా అలాగే పోతే సమాచార హక్కు చట్టం ఉంది. కేంద్ర కార్యాలయానికి 10 రూపాయల ఫీజు, మన రాష్ట్రంలో మండల కార్యాలయాలకు 5, గ్రామ స్థాయిలో ఫీజు లేదు. తెల్లకార్డు పేదలు నకలు జతచేస్తే ఎక్కడా కట్టక్కర్లేదు. అడగాల్సింది: 'నా అర్జీ నంబరు మీద ఏ తేదీన ఏ అధికారి ఏం రాశారో నోట్‌షీట్ నకళ్ళు, విచారణ నివేదిక నకలు ఇవ్వండి' అని. ఎందుకు చేయలేదు అని అడగకూడదు. అలాంటి ప్రశ్నకు సమాచారం లేదని చెప్పి తప్పించుకుంటారు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే 30 రోజుల్లోపు మొదటి అప్పీలు. క్షేత్రానికి ఎవరూ రాకుండానే విచారణ చేశామని రాసిన నివేదికలు ఎక్కువగా బయటపడేది ఈ నకళ్ళలోనే. అలాంటి నివేదిక చేతికొస్తే, దాని మీద తేదీ, సంతకం గుండ్రంగా చుట్టి, పోర్టల్ జవాబుతో కలిపి వచ్చే సోమవారం కలెక్టర్ ముందు పెట్టండి.